అక్క స్లైడులో సున్నా

మా అక్కకు ఉబ్బసం ఉందని మానుకోటలో వాళ్ళ వాడకట్టు మొత్తానికి తెలుసు, ఒక్క అక్కకు తప్ప. పొద్దున లేవగానే ఛాతీలోంచి పిల్లికూతలు వస్తుంటే "సలి పట్టింది" అంటుంది. డాబా మెట్లెక్కి గోడ పట్టుకుని నిలబడిపోతే "వయసైతలేదా" అంటుంది. ఆమెకు నలభై ఆరేళ్ళు. వయసు ఎక్కడైందో నాకైతే అర్థం కాదు.

దగ్గు మాత్రం కారం వల్లనేనట. బావ వాళ్ళది కారం గిర్ని. మిరపకాయలు చేతికొచ్చే రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు తొడిమలు తీసిన ఎండుకాయలు సంచుల్లో తెచ్చి, ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకుని బయట వరుసగా కూర్చుంటారు. బావ గిర్ని నడుపుతాడు. అక్క కాంటా దగ్గర కూర్చుని తూకం వేస్తుంది. అక్కడ గాలే ఎర్రగా ఉంటుంది. నేను లోపలికి పోతే అయిదు నిమిషాల్లో కళ్ళూ ముక్కూ ఏకమై బయటికి పరుగెత్తాల్సిందే. అక్క ఇరవై ఏళ్ళుగా అక్కడే కూర్చుంటోంది. "కారం గిర్నిల కూసున్నోళ్ళకు దగ్గు రాక పాట వస్తదా?" అని నన్నే అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగేంత చదువు నేను చదివాను, అయినా ఆమె ముందు ఒక్కసారీ గెలవలేదు.

నేను భూపాలపల్లిలో ఒక ల్యాబులో రక్త పరీక్షలు చేస్తాను. రక్తం చుక్కను గాజు పలక మీద పలుచగా పరిచి, రంగు పోసి, కడిగి, మైక్రోస్కోపు కింద పెడితే ఎర్రకణాల గుంపులో అక్కడక్కడ తెల్లకణాలు కనిపిస్తాయి. వంద తెల్లకణాలు లెక్కపెట్టి వాటిలో ఏ రకం ఎన్ని ఉన్నాయో రాయాలి. ఇప్పుడు మిషన్లు వచ్చాయి గాని, అనుమానం ఉన్న స్లైడును ఇప్పటికీ కంటితోనే చూస్తాం. తెల్లకణాల్లో ఇసినోఫిల్ అనే రకాన్ని ఒకసారి చూపిస్తే చిన్నపిల్లలు కూడా మరిచిపోరు. కడుపు నిండా నారింజరంగు గింజలతో మెరుస్తుంటుంది. మామూలు మనిషిలో వందకు రెండో మూడో ఉంటాయి. మా జనానికి దీని పేరు బాగానే తెలుసు. "ఈసనోఫీలియా ఉన్నదట" అని బీపీ, షుగర్ అన్నంత సులువుగా అంటారు. అది లోపల చేసే పని ఏందో మాత్రం ఎవరికీ పట్టదు.

అక్కకు నేను కూర్చోబెట్టి చెప్పాను, ఒకసారి కాదు, పదిసార్లు. ఇవి కడుపులో పురుగులతో కొట్లాడటానికి పుట్టిన కణాలు. కొందరి ఒంట్లో పురుగు లేకపోయినా ఊపిరి గొట్టాల్లోకి గుంపుగా పోయి కూర్చుంటాయి. పురుగు మీద చల్లాల్సిన మందును గొట్టాల లోపలి పొర మీదనే చల్లుతాయి. ఆ పొర వాస్తుంది, జిగురు ఊరుతుంది, గాలి పోయే దారి సన్నబడుతుంది. దుమ్మూ కారమూ ఆ మంటను ఎగదోస్తాయంతే. అందరి ఉబ్బసమూ ఇట్లాగే ఉండదు గాని అక్కది మాత్రం ఇదే. రోజూ పంపు, అదే ఇన్‌హేలర్, పీలిస్తే ఆ గుంపు మెల్లగా చెదిరిపోతుంది.

అక్క శ్రద్ధగా విని అన్నది: "అంటే పిలువని పెండ్లికొచ్చి మన పందిరే గూలగొడ్తున్నయన్నట్టు."

నాకు ఎంత సంతోషమైందో. మా సార్లు కూడా అంత బాగా చెప్పలేదు. "మరి రేపటి నుంచి పంపు పీలుస్తవా?" అని అడిగాను.

"సూద్దాం తీ" అన్నది.

ఆ 'సూద్దాం' విని విని నాకు బీపీ వచ్చేటట్టుంది. పంపు రాసింది నేను కాదు, ఛాతీ డాక్టరు రాశాడు. దాని వెనక ఇంకా ఎన్నిసార్లు కొట్టుకోవచ్చో చూపించే చిన్న అంకె ఉంటుంది. కొత్తదానికి రెండు వందలు. నాలుగు నెలల తర్వాత నేను మానుకోట పోయి వెతికితే పంపు బియ్యం డబ్బాలో దొరికింది. అంకె నూట తొంభై ఆరు. ఆ నాలుగు సార్లయినా నోట్లోకి పోయిందా అంటే అదీ లేదు. మందు వస్తుందో లేదో అని గాలిలోకి కొట్టి చూసిందట.

"పంపు పట్టుకున్నరంటే ఇగ ఆఖరుకొచ్చిన్రు అంటరు" అన్నది. "అది మొదలుపెడితే ఇడిసిపెట్టుడు ఉండదట" అన్నది. నేను రెండింటికీ జవాబు చెప్పాక అసలు మాట బయటికి వచ్చింది. "కాంటకాడ కూసున్నామె పంపు గుంజుకుంట కూసుంటే కారం పట్టించుకునేందుకు ఎవలొస్తరే? రోగమొచ్చిన గిర్ని అంటరు."

రోగమొచ్చిన గిర్ని అనిపించుకోకూడదని రోగాన్ని డబ్బాలో పెట్టి మూత పెట్టే మనిషితో ఏం మాట్లాడతాం. పంపు లేనప్పుడు ఆయాసం పెరిగితే ఏం చేస్తావు అంటే వాడ చివర ఆరెంపీ డాక్టరు ఉన్నాడు కదా అంటుంది. ఆయన ఆవిరి పెడతాడు, సూది వేస్తాడు, "జర చల్లటియి తినకమ్మ" అని పంపిస్తాడు. ఆయన దగ్గర ఎవరికీ సిగ్గు లేదు. ఎందుకంటే ఆయన ఏ జబ్బుకూ పేరు పెట్టడు.

నాకు ఇంత కోపం ఎందుకో కూడా చెప్పాలి. మేం పుట్టింది జనగామ జిల్లాలో, బచ్చన్నపేట దగ్గర పల్లె. అక్క నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. ఏడో తరగతి కాగానే బడి మానిపించి పత్తి ఏరడానికి పంపారు. అప్పుడే దగ్గేది. పత్తి నూగు అన్నారు. నా పదో తరగతి కాగానే నన్నూ మానిపిస్తానని నాయిన అంటే, అప్పటికే పెండ్లై పోయిన అక్క మానుకోట నుంచి వచ్చి మూడు రోజులు ఇంట్లో కూర్చుంది. నాయిన ఒప్పుకున్న నాడు జనగామ కాలేజీకి పోయే బస్సు తనే ఎక్కించింది. నేను మైక్రోస్కోపు ముందు కూర్చున్నానంటే ఆ మూడు రోజుల వల్లనే. ఆ మనిషికి ఊపిరాడకపోతే నేను చూస్తూ ఎట్లా ఊరుకుంటాను?

మూడేళ్ళ కింద మొదటిసారి అక్క రక్తం నేనే తీసి చూశాను. ఇసినోఫిల్స్ వందకు పద్నాలుగు. ఫోను చేసి తిట్టాను. మామూలుగా కాదు. నువ్వు చచ్చిపోదామనుకుంటున్నవా అన్నాను. నన్ను చదివించింది నీ శవం మీద ఏడవడానికా అన్నాను. గొంతు బొంగురుపోయేదాకా అరిచాను. పక్క గదిలో రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ళు లేచి బయటికి పోయారు. చివరికి అక్క "సరే తీ, అన్నం తిన్నవా?" అని అడిగి ఫోను పెట్టేసింది. పద్నాలుగు గురించి చెప్తే అన్నం గురించి అడిగే మనిషి. ఆ రోజు ఫోను గోడకేసి కొట్టనందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

మా జనంతో ఇంకో తంటా ఉంది. రక్తం ఇవ్వడానికి తయారై వస్తారు, తూకాలు తనిఖీ చేసే సారు వస్తున్నాడని తెలిస్తే దుకాణం సర్దిపెట్టినట్టు. షుగర్ పరీక్ష ఉందంటే మూడు రోజుల ముందు నుంచి అన్నం మానేసి జొన్నరొట్టె తింటారు. పరీక్ష కాగానే ల్యాబు ఎదురుగానే మిర్చిబజ్జీలు తింటారు. ఎందుకయ్యా ఇట్లా చేస్తావు అంటే, "రిపోర్టు మంచిగ రావాలె గద మేడం" అంటారు. ఎవరిని మోసం చేస్తున్నావు, నన్నా, నీ ఒంటినా అని నేను రోజుకు ఇద్దరు ముగ్గురితో కొట్లాడుతాను. ల్యాబులో నాకు 'కోపం మేడం' అని పేరు పడింది. పడనీ.

పోయిన ఎండాకాలం మొదట్లో అక్కకు ఫోను చేసి, ఆదివారం వస్తున్నా, మళ్ళీ రక్తం తీస్తా అని చెప్పాను. అది గురువారం. "రా" అన్నది ఏ గొడవా లేకుండా. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

పోయి చూస్తే అక్క నాలుగు నెలల కింద చూసిన మనిషి కాదు. ముఖం గుండ్రంగా నిండింది. బుగ్గలొచ్చాయి. పిల్లికూతలు లేవు. మెట్లెక్కి డాబా మీద ఆరేసిన మిరపకాయలు కూడా చూపించింది. "గిర్నికొచ్చినోళ్ళంత మంచిగ పుంజుకున్నవ్ అంటున్రు" అన్నది సిగ్గుపడుతూ.

"పంపు పీలుస్తున్నవన్నమాట."

"పీలుస్తలేనా మరి."

"ఏది, చూపించు."

"అయిపోతే పారేసిన. కొత్తది తేవాలె."

నా జన్మలో మొదటిసారి పంపు విషయంలో అక్క మాట నమ్మాను. రక్తం తీసి, అక్కడే స్లైడు చేసి, ఆరాక కాగితంలో చుట్టి, సీసాతో పాటు బ్యాగులో పెట్టుకుని భూపాలపల్లి వచ్చాను. సోమవారం మిషన్లో పెట్టాను. ఇసినోఫిల్స్ సున్నా. మిషన్ మీద నమ్మకం లేక స్లైడు పెట్టి వంద కణాలు లెక్కపెట్టాను. ఒక్కటి లేదు. ఇంకో వంద లెక్కపెట్టాను. ఒక్కటి కూడా లేదు.

ఇప్పుడు ఆలోచిస్తే నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది. పంపు వాడితే ఈ కణాలు తగ్గుతాయి గాని ఇట్లా తుడిచిపెట్టుకుపోవు. ఉబ్బసం లేనివాళ్ళలో కూడా ఒకటో రెండో కనిపిస్తాయి. పద్నాలుగు ఉన్న మనిషిలో సున్నా వచ్చిందంటే ఎందుకొచ్చిందో ముందు అడగాలి. వేరే ఎవరి స్లైడైనా అయితే అడిగేదాన్నే. "ఏమేం గోలీలు మింగుతున్నవ్?" అని మొదటి మాటే అదయ్యేది. కానీ అది అక్క స్లైడు. మూడేళ్ళ కొట్లాట గెలిచానన్న సంబరంలో నా చదువంతా అటకెక్కింది. నేను డాక్టర్ను కాను అని రోజుకు పదిసార్లు జనానికి చెప్పే నేను, అక్కకు ఫోను చేసి పెద్ద డాక్టరులాగా తీర్పు చెప్పాను.

"అక్కా, ఒక్కటి కూడా లేదు. ఉబ్బసం పోయింది. ఇగ నువ్వు ఏ మందూ వాడాల్సిన పని లేదు."

అక్క "నిజమేనా?" అన్నది. నిజమే అన్నాను. "నువ్వు సూసి చెప్పినవంటే ఇగ దేవుడు చెప్పినట్టే" అన్నది. నాకు ఒళ్ళంతా పొంగిపోయింది.

పదో రోజు పొద్దున, ల్యాబులో జనం కిటకిటలాడే సమయంలో బావ ఫోను చేశాడు. అక్క కాంటా దగ్గరే ఒరిగిపోయిందట. మాట రావడం లేదట, పెదవులు నల్లబడ్డాయట, ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయారట. "నువ్వు జర జల్ది రా" అన్నాడు. మా బావ నెమ్మదస్తుడు. ఆయన గొంతు అట్లా వణకడం నేను ఎప్పుడూ వినలేదు.

భూపాలపల్లి నుంచి మానుకోటకు నేరుగా పోయే బస్సు కోసం చూస్తే ఆ రోజు గడిచిపోయేది. పరకాల దాకా ఒకటి, నర్సంపేట దాకా ఇంకొకటి, అక్కడి నుంచి మూడోది. బొగ్గు లారీ ఒకటి దారికి అడ్డంగా ఆగిపోయి అరగంట తినేసింది. కండక్టరు మీద అరిచాను. ఆయన తప్పేం లేదు. దారిపొడుగునా ఆలోచించింది ఒక్కటే, సున్నా వచ్చిన మనిషికి ఇట్లా ఎట్లా అయింది? మిషన్ చెడిందా, నా కళ్ళు చెడ్డాయా, సీసాలు తారుమారైనాయా? ఇంకా ఎవరి తప్పు దొరుకుతుందా అని వెతుక్కుంటూనే మానుకోట చేరాను.

అక్క మంచం మీద ముందుకు వంగి కూర్చుని ఉంది. ముక్కూ నోరూ కలిపి మాస్కు, దాంట్లోంచి ఆవిరి. ప్రతి శ్వాసకూ మెడ దగ్గర గుంట పడుతోంది. నన్ను చూసి చెయ్యి ఎత్తి, ఏం కాలేదన్నట్టు ఊపింది. ఊపిరాడక చస్తూ కూడా ఏం కాలేదనే చెప్తుంది ఆ మనిషి.

డ్యూటీ డాక్టరమ్మ చిన్నపిల్ల. మందులేమైనా వాడుతున్నారా అని అడిగింది. లేదండీ, ఇదివరకు పంపు వాడేది అని నేను చెప్తుండగానే, బావ చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టాడు. లోపల చిన్న చిన్న తెల్ల గోలీలు. అవి నాకు చూడగానే తెలిసిపోయాయి. స్టెరాయిడ్.

"మా వాడకట్టు ఆరెంపీ ఇచ్చిండు డాక్టరమ్మా" అన్నాడు బావ. "నాలుగు నెలల సంది రోజుకొకటి. మొన్న రక్తం ఇచ్చే ముందు మూడు రోజులు, రోజుకు మూడు ఏసుకున్నది, రిపోర్టు మంచిగ రావాలె అని."

"మరి ఇప్పుడు వేసుకోవడం లేదా? ఎప్పుడు ఆపారు?"

"పది రోజులాయె."

డాక్టరమ్మ ముఖం మారిపోయింది. "ఇన్ని నెలలు వాడినవి ఒక్కసారిగా ఆపకూడదు. ప్రాణం మీదికి వస్తుంది. ఎవరు ఆపమన్నారు మీకు?"

బావ నా వైపు తిరిగి చెయ్యి చూపించాడు. ఆ కంగారులో కూడా ఆయన గొంతులో గర్వం ఉంది. "మా మరదలే డాక్టరమ్మా. భూపాలపల్లిల ల్యాబుల జేస్తది. రక్తం మొత్తం సూసి, ఇగ మందు అక్కర్లేదని చెప్పింది."

ఆయన నన్ను నిందించినా బాగుండేది. డాక్టరమ్మ నన్ను ఒకసారి చూసి, కాగితం మీద రాసుకుంది.

ఆ గోలీలు పడితే ఇసినోఫిల్స్ ఒక్క పూటలో రక్తంలోంచి మాయమవుతాయి. నేను చదువుకున్నదే ఇది. ఫైనల్ పరీక్షలో ఈ ప్రశ్నకు జవాబు కూడా రాశాను. గుండ్రటి ముఖం కూడా ఆ గోలీల పనే, నిండుదనం కాదు, వాపు. వాపును చూసి బలుపు అనుకునేవాళ్ళ గురించి చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం కదా. చదువుకున్నదాన్ని, నేనే అనుకున్నాను.

కూర్చోలేక ల్యాబుకు పోయాను. నేనూ ఇదే పని చేస్తాను అన్నా, మా అక్క స్లైడు ఒకసారి చూస్తా అని అక్కడి టెక్నీషియన్‌ను అడిగాను. సూది వేయకముందే తీసిన రక్తం అది. ఆయన లేచి కుర్చీ ఇచ్చాడు. కంటికి పెట్టగానే నారింజ గింజల కణాలు. పక్కకు జరిపితే ఇంకొకటి. కొంచెం జరిపితే రెండు. పద్దెనిమిది లెక్కపెట్టి ఆపేశాను. ఇవన్నీ నిజం కణాలు. అక్క నాకు కనబడకుండా దాచిపెట్టినవి. ఎవరి మీద అరవాలో తెలియలేదు.

సాయంత్రానికి సూదులూ ఆవిరీ పనిచేశాయి. మెడ దగ్గర గుంట పడటం ఆగింది. పెదవులకు రంగు వచ్చింది. బావ చాయ్ తేవడానికి బయటికి పోయాడు. అక్క మాస్కును కొంచెం కిందికి జరిపి, "ఎప్పుడు తిన్నవ్?" అని అడిగింది.

ఇక నా వల్ల కాలేదు. అరవకూడదని గొంతు అణచుకుని అడిగాను. "ఆ గోలీలు ఏసుకుంటున్నా అని ఒక్క మాట ఎందుకు చెప్పలేదక్కా? చెప్తే అరుస్తననా?"

అక్క తల అడ్డంగా ఊపింది. ఊపిరి కూడదీసుకుంటూ, ఆగి ఆగి చెప్పింది.

"నీ ఒర్రుడుకు నేనెందుకు భయపడ్త? నిన్ను ఎత్తుకొని తిప్పిన దాన్ని." మళ్ళీ ఊపిరి తీసుకుంది. "గప్పుడు పద్నాలుగు అచ్చిందని ఫోన్ల ఎంత ఏడ్సినవే పిల్లా. గా ఏడుపు మల్ల ఇనలేనని ఏసుకున్న. వేరేటోళ్ళకు ఇచ్చే రక్తమైతే ఉన్నది ఉన్నట్టే ఇద్దును."

"నేను ఏడవలేదు. తిట్టిన" అన్నాను.

"గదేనే" అన్నది అక్క. ఎగశ్వాస మళ్ళీ మొదలవుతుంటే మాస్కు తనే ముక్కు మీదికి లాక్కుంది. నేను ఆమె వీపు మీద చెయ్యి వేసి, ఒక్కొక్క శ్వాసా లోపలికి పోయి బయటికి వచ్చేదాకా చూస్తూ కూర్చున్నాను. ఈసారి నిజంగానే ఏడుపు వచ్చింది, చప్పుడు కాకుండా ఏడ్చాను. అది కూడా ఆమె వినే ఉంటుంది.